ఎరుపుకు ఎరుపు

పదయి మూడు నిమిషాలు. రెండు మోచేతులూ ల్యాబ్ బల్ల మీద ఆన్చి, రెండు అరచేతుల్లో రెండు గుండ్లు బిగించి, వాటి మధ్య ఇంకా పచ్చిగా మెరుస్తున్న జిగురు వంక చూస్తూ కూర్చుంది బొమ్మలక్క. కదలకూడదు. ఆరడానికి గంట పడుతుంది, పదకొండింటికి కాలేజీ తనిఖీ కమిటీ వస్తుంది, అంతదాకా చెయ్యి తియ్యకు, ముక్కు దురద పెట్టినా సరే, అన్నాడు కెమిస్ట్రీ చెప్పే చిన్నసార్. తన హాస్యానికి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అనకపోతే పెట్టేది కాదేమో, అన్నాడు కాబట్టి ముక్కు ఒకటే దురద. భుజానికేసి రుద్దుకుందామంటే బొమ్మ కదులుతుంది. కదలనీ. జారి కిందపడి ముక్కలైతే పీడా పోతుంది. అలా అనుకుంది గానీ చేతులు మాత్రం ఇంకాస్త బిగుసుకున్నాయి, చంటిపిల్లను పట్టుకున్నట్టు. ఈ చేతులకు సిగ్గు లేదు. ఇరవై ఆరేళ్ళు ఈ ల్యాబ్‌లో అటెండరుగా పని చేసి చేసి, ఎవరేం చెప్పినా ముందు చేతులు సరేననేస్తాయి, కడుపు ఆ తర్వాత తీరిగ్గా మండుతుంది.

ఇప్పుడు మండుతోంది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఎదురుగా అద్దాల బీరువాలో ఎనిమిది బొమ్మలున్నాయి, చేతుల్లోది తొమ్మిదోది. పరమాణువులో ఎలక్ట్రాన్ ఏ మేర కనబడే వీలుందో చూపించే బొమ్మలు, ఆర్బిటాళ్ళు. ఒకటి ఉత్త బంతి. ఒకటి నాలుగు రేకులు. కొన్ని ఇలా, చిన్న చువ్వకు ఆ కొసన ఎర్ర గుండు, ఈ కొసన నీలం గుండు. అలాంటివి రెండు ఎదురెదురుగా వచ్చి మూతులు కలిపితే బంధం. ఆ కలిసిన బొమ్మే ఇది. పొద్దున రెండో సంవత్సరం పిల్లల ముందు ఫోటో కోసమని ఒక కొస పట్టుకుని కసరత్తు చేసేవాడిలా పైకెత్తాడు చిన్నసార్. టప్పుమని మధ్యకు విరిగింది. పదహారేళ్ళ బంధం, చిటికెలో. అయ్యో అనలేదు. ఎవడు అంటించాడిది, అన్నాడు. నేనే సార్, అనబోయి ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ ఊరుకోవడాన్ని తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది, చేతులు ఖాళీగా ఉంటే.

జిగురు కలిపి తెచ్చింది. విరిగిన రెండు కొసలూ ఎర్రవే. రెండింటి మీదా పాత జిగురు మచ్చ, రూపాయి బిళ్ళంత. ఏది దేనికి అంటుకుని ఉండేదో గుడ్డివాడికైనా తెలుస్తుంది. గుడ్డివాడు. ఆ మాట మనసులో అనుకున్నందుకు నాలుక కరుచుకుంది. అవును, చూపు పోయినా ఈ పాఠం చెప్పిన పెద్దసార్‌కు తెలిసేది. ఈయనకు రెండు కళ్ళూ పత్తికాయల్లా ఉండి తెలియలేదు. ఎర్ర మచ్చకు ఎర్ర మచ్చ ఆన్చబోతుంటే, ఆగాగు, అన్నాడు. నీలానికి ఎరుపు పెట్టు, అన్నాడు. సార్, పెద్దసార్ ఎరుపుకు ఎరుపే అనేవారండీ, అంది. అనడమే పాపమైంది. నడుం మీద చేతులు పెట్టుకుని పిల్లల వైపు తిరిగి, చూశారా, అన్నాడు. “అయస్కాంతం ఎప్పుడైనా చూశావా? ఉత్తరానికి ఉత్తరం అంటుకుంటుందా? ప్లస్సూ మైనస్సూ ఉంటేనే ఆకర్షణ. ఎరుపుకు ఎరుపట. నువ్వు నాకు కెమిస్ట్రీ చెప్తావా?” పిల్లలు గొల్లుమన్నారు. వాళ్ళననీ ఏం లాభం, సార్ నవ్వితే నవ్వాలి కదా. తల కొట్టేసినట్టయింది ఆమెకు. నువ్వు. పదిహేనేళ్ళు చిన్నవాడు, నువ్వు. ఇదే ల్యాబ్‌లో, ఆ కిటికీ పక్క బల్ల దగ్గర, చెయ్యి జారి గాజు పిపెట్టు పగలగొట్టుకుని ఏడుపు మొహంతో నిలబడితే, ఎవరికీ తెలియకుండా ఇంకో పిపెట్టు తెచ్చి చేతిలో పెట్టింది తనే. అప్పుడు, అక్కా, సార్‌కు చెప్పకక్కా, అన్నాడు. చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. పెద్దసార్ ఈ రంగుల పాఠం చెప్పిన రోజు ఈయన క్లాసుకే రాలేదేమోనని ఆమెకు గట్టి అనుమానం. హాజరు పట్టీ మోసింది తనే గనక పాతవి తిరగేస్తే తెలిసిపోతుంది. స్టోరు రూములో అటక మీద ఉన్నాయి అవన్నీ, ఎలకలు తినకపోతే.

గోడ గడియారం పదీ పది చూపించింది. పంపులో నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా సింకులో పడుతున్నాయి. వాషరు అరిగిందని మూడు నెలల నుంచి చెప్తోంది. ఎవడు వింటాడు. సింకు అడుగున గ్లాసెడు నీళ్ళు నిలిచాయి, బొట్టు పడినప్పుడల్లా ఒక అల లేచి గోడ దాకా వెళ్ళి తిరిగొస్తోంది. తిరిగొచ్చిన అల కొత్త అలను కలిసిన చోట ఒకసారి గుట్టలా లేస్తుంది, ఒకసారి చప్పున అణిగిపోతుంది. ఆ సింకు ముందే పెద్దసార్ ఆమెను నిలబెట్టి రెండు వేళ్ళు నీళ్ళలో ఆడించాడు, పదహారేళ్ళ కిందట. అప్పటికి ఆయన చూపు సగం పోయింది. అమ్మాయ్, చూసి చెప్పు, నాకు సరిగ్గా ఆనడం లేదు, రెండు అలలూ ఒకేసారి పైకి లేచి కలిస్తే ఏమవుతోంది? పెద్దదవుతోందండీ. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నప్పుడు కలిస్తే? ఏమీ లేదండీ, అక్కడ నీళ్ళు కదలడమే లేదు. అంతేనమ్మా బంధమంటే, ఎలక్ట్రాన్ కూడా అలే, ఎరుపంటే పైకి లేచిన వైపు, నీలమంటే దిగిన వైపు, అవి ఛార్జీలు కావు, ఆ మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకు. ఇవాళ కూడా నమ్మలేదు సార్. కానీ ఎదురు చెప్పలేదు. రెండూ ఒకటేనా, కాదా?

పదో తరగతి పాసైన మనిషి తను. కానీ ఆ మాట ఆమెకు పదార్థంలా చేతికి చిక్కింది. రెండు పరమాణువులు దగ్గరికొస్తాయి. రెండింటి నడిబొడ్డునా ప్లస్సు కేంద్రకాలు, ఒకదాని మొహం ఒకటి చూడలేవు. ఎరుపుకు ఎరుపు కలిస్తే వాటి మధ్య అల గుట్టలా లేస్తుంది, అంటే ఎలక్ట్రాన్లు ఆ నడుమకొచ్చి చేరతాయి, ఇటు దీన్నీ అటు దాన్నీ లాగి పట్టుకుంటాయి. ఎరుపుకు నీలం కలిస్తే నడుమ చోటు ఖాళీ. పట్టేవాళ్ళు లేరు. రెండు కేంద్రకాలూ ఎదురెదురుగా పడి తన్నుకుంటాయి. అత్తా కోడళ్ళ మధ్య పసిపిల్ల ఉన్నంతసేపే కొంప నిలబడుతుంది కదండీ, అలాగా, అని అడిగితే పెద్దసార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఐదు నిమిషాలు నవ్వాడు. మర్నాడు అదే మాట క్లాసులో చెప్పాడు. ఊరికే చెప్పలేదు, ఇది నాది కాదు, మన బొమ్మలక్క చెప్పింది, అని చెప్పాడు. ఆ పేరు ఆ రోజే పడింది.

పాత జవాబు పత్రాలు బకెట్లో నానబెట్టి, రుబ్బి, మెంతులు కలిపి గుజ్జు చేసి, ఆ గుజ్జుతో చేసిన గుండ్లు ఇవి. ఫెయిలైన వాళ్ళవీ పాసైన వాళ్ళవీ అన్నీ ఒకే గుజ్జు. రంగు వేశాక పెద్దసార్ చేతిలో పెడితే ఆయన వేళ్ళతో నిమిరి నిమిరి, ఏది ఎరుపమ్మా, అన్నాడు. అంత చిన్నగా అన్నాడు. అంత పెద్ద మనిషి. ఆమె బొమ్మలన్నీ ఇంటికి మోసుకెళ్ళి, సన్నిసుక జల్లెడపట్టి, ఎర్ర గుండ్లకు రంగు మళ్ళీ పూసి, తడిగా ఉండగానే ఇసుక చల్లి, ఆరాక పైన ఇంకో పూత వేసింది. ఎరుపు గరుకు, నీలం నునుపు. తిరిగి తెచ్చిచ్చాక ఆయన తడిమి చూసుకుని, అటు తిరిగి కాసేపు కిటికీలోంచి ఏమీ కనబడని మైదానాన్ని చూశాడు. రిటైరయ్యేదాకా మూడేళ్ళు ఆ వేళ్ళతోనే పాఠం చెప్పాడు. పిల్లల వేళ్ళు పట్టుకుని గరుకు మీద పెట్టి, నునుపు మీద పెట్టి. ఇప్పుడాయన లేడు. ఆయన కుర్చీలో కూర్చున్న మనిషి మొన్న బీరువా తుడిపిస్తూ, ఈ ఎర్రవాటికి పాలిష్ సరిగా రాలేదే, అన్నాడు.

బీరువా అద్దం మీద కార్డు. నల్లటి అక్షరాలు, అందంగా అచ్చు వేయించాడు. నమూనాల రూపకల్పన, తయారీ, అని ఉండి కింద చిన్నసార్ పేరు, పేరు వెనక డిగ్రీలు. దాన్ని చూసి ఆమె ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఈ ఎరుపూ నీలమూ ఆయన డబ్బాల్లో మిగిలిన రంగులే. ఆయన ఏ బోర్డు రాసినా కింద మూలన చీమంత అక్షరాలతో తన పేరు వేసుకుంటాడు. దుకాణం వాడు చెరిపెయ్యమని గోల పెడితే, ముందు బోర్డు చెరుపు, తర్వాత పేరు చెరుపుతా, అంటాడు. అలాంటి మనిషి ఆ రోజు అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుని లేచాడు. “తప్పు వాడిది కాదే. పదహారేళ్ళు మూలన సంతకం లేకుండా వదిలేసిన దానిది,” అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో. నిజం చెప్పాడని కోపం.

పదీ ఇరవై. అరచేతులు చెమట పట్టాయి. కుడిచేతిలో గరుకు, ఎడంచేతిలో నునుపు. వేళ్ళకు ఒప్పడం లేదు. పాదాలకు ఎడమ చెప్పు కుడికీ కుడి చెప్పు ఎడమకీ తొడుక్కున్నట్టుంది. చూడ్డానికి మాత్రం, ఎంత అన్యాయమంటే, ఇలా తప్పుగా పెడితేనే ముచ్చటగా ఉంది. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం, వరస తప్పకుండా. ఫోటోలో బాగా పడుతుంది. పడనీ. అదే కదా తనకు కావలసింది. వచ్చే కమిటీలో ఒక పెద్దావిడ ఉందట, ఏ కాలేజీకెళ్ళినా పరికరాలు చేత్తో ముట్టుకుని మరీ అడుగుతుందట, స్టాఫ్ రూములో అంతా అదే గుసగుస. అడగనీ. ఈయన గొంతు సవరించుకుని, ప్లస్సు మైనస్సు ఆకర్షణండీ, అననీ. ఆవిడ ఈయన్ని ఎగాదిగా చూడనీ. ఆ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం ఈ బల్ల దగ్గరే నిలబడి కళ్ళారా చూడాలి. దానికోసం గంటేం ఖర్మ, సాయంత్రం దాకా పట్టుకు కూర్చోమన్నా కూర్చుంటుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే ముక్కు దురద కూడా మరిచిపోయింది.

తలుపు కిర్రుమంది. పొద్దున అందరితో పాటు నవ్వని పిల్ల ఒకతి ఉంది, పొట్టిది, రెండు జడలది. నోటు పుస్తకం గుండెకు అదుముకుని లోపలికొచ్చింది.

“బొమ్మలక్కా, ఒక డౌటు. నువ్వు ఎరుపుకు ఎరుపన్నావు, సార్ నీలమన్నారు. పుస్తకంలో బొమ్మ నలుపూ తెలుపూ, ఏమీ అర్థం కావట్లేదు. ఏది రైటక్కా?”

ఆ ఒక్క క్షణంలో నోటిదాకా వచ్చింది. సింకు చూపించి, అదిగో ఆ నీళ్ళలో చూడు, అంటే చాలు. కానీ ఇప్పుడు చెప్తే ఈ పిల్ల క్లాసులో అంటుంది, అది ఆయన చెవిన పడుతుంది, ఆయన సర్దుకుంటాడు, తియ్యటి ఊహ కాస్తా చేజారిపోతుంది.

“నన్నెందుకు అడుగుతావు? నాకేం తెలుసు, గ్లాసులు కడిగేదాన్ని. సార్ చెప్పిందే రాసుకో.”

పిల్ల మొహం చిన్నబోయింది. అక్కడే బల్ల చివర పుస్తకం పెట్టుకుని, వంగి, స్కేలు పెట్టి నాలుగు గుండ్లు గీసింది. ఎర్ర పెన్ను, నీలం పెన్ను మార్చి మార్చి రంగు నింపింది. కింద గీత కొట్టి, భిన్న రంగులు కలిసినప్పుడు బంధం ఏర్పడును, అని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. థాంక్సక్కా, అని వెళ్ళిపోయింది.

థాంక్సట. ఆ మాట కర్ర పుచ్చుకుని కొట్టినట్టు తగిలింది. దేనికి థాంక్స్? ఆ పిల్ల ఆ వాక్యాన్ని బట్టీ పడుతుంది. పరీక్షలో రాస్తుంది. రేపొద్దున ఎక్కడో టీచరవుతుంది, నలభై మందికి చెప్తుంది, నలభై మందీ నాలుగొందల మందికి చెప్తారు, అయస్కాంతం చూశారా అని వాళ్ళూ అంటారు. చిన్నసార్ తెలియక తప్పు చెప్పాడు. మరి తను? తెలిసి చెప్పింది. కావాలని, నోరారా. ఆయన వెధవైతే తనేమిటి? ఛీ. ఇరవై ఆరేళ్ళ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక రెండు జడల పిల్ల నెత్తిన రుద్దింది. పెద్దసార్ వేళ్ళు పట్టుకుని నేర్పిన పాఠం. ఏది ఎరుపమ్మా, అని అడిగిన గొంతు. ఆయనకు చూపు లేకపోతే ఇసుక చల్లింది, ఈ పిల్లకు చూపుంటే కళ్ళల్లో దుమ్ము కొట్టింది.

చేతులు ఈసారి ఆమెను అడగలేదు. పది ఇరవై ఎనిమిదికి రెండు అరచేతులూ ఒక్క విసురున విడిపోయాయి. పచ్చి జిగురు తీగలు తీగలుగా సాగి తెగింది. నీలం కొసను స్పిరిట్ గుడ్డతో తుడిచింది, కసిగా, దాని తప్పేదో ఉన్నట్టు. ఎర్ర కొసనూ తుడిచింది. ముక్కు గోక్కుంది, కసిదీరా, రెండు వైపులా. గాజుపలక మీద కొత్త జిగురు కలిపింది. ఎడమ బొమ్మను అటుదిటు తిప్పి, పాత మచ్చకు పాత మచ్చ ఆన్చి నొక్కింది. కుడిచేతిలో గరుకు. ఎడంచేతిలో గరుకు. హమ్మయ్య. ఇప్పుడు వరస నీలం, ఎరుపు, ఎరుపు, నీలం. ఫోటోకు అంత బాగుండదు. బొటనవేలికి జిగురంటి ఎరుపు మీద ముద్ర పడుతోంది, పడనీ. తీరా చూస్తే కోపం రవ్వంత కూడా తగ్గలేదు. తను చూడాలనుకున్న ఆ పాలిపోయిన మొహం పోయింది, ఆయన వచ్చి ఇది చూసి అందరి ముందూ మళ్ళీ కడిగేస్తాడు, ఇంకోసారి గొల్లుమంటారు. గంట జిగురు. పదకొండున్నర దాకా ఆరదు. కమిటీ వచ్చేసరికి ఈ బొమ్మ బీరువాలో ఉండదు, తన చేతుల్లోనే ఉంటుంది. దాక్కోవడానికి కూడా లేదు.

పదకొండూ ఐదుకు వచ్చారు. ముందు చిన్నసార్, వెనక కళ్ళజోడు తాడుకు వేలాడదీసుకున్న పెద్దావిడ, ఆవిడ వెనక గడియారాలు చూసుకుంటున్న ఇద్దరు మగవాళ్ళు. గుమ్మం దగ్గర రెండో సంవత్సరం పిల్లలు బారులు తీరి నిలబడ్డారు.

“ఇది బంధం ఎలా ఏర్పడుతుందో చూపించే మోడల్, మేడమ్. రెండు పి ఆర్బిటాళ్ళు ఎదురెదురుగా వచ్చి...” చిన్నసార్ చూపు ఆమె చేతుల మీద పడింది. తర్వాత నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. “సారీ మేడమ్. ఇవన్నీ నేను స్వయంగా చేసినవి. ఈ ఒక్కటి విరిగితే మా అటెండర్ని అంటించమన్నాను, తలకిందులు చేసి పెట్టింది. ఎరుపుకు నీలం రావాలి.”

“నీలం రావాలా?” అంది పెద్దావిడ.

“అవును మేడమ్. ప్లస్సు, మైనస్సు. ఆకర్షణ కదా.”

ఒకాయన గడియారం చూసుకోవడం మానేశాడు. పెద్దావిడ బీరువా తెరిచి, ఒక బొమ్మ తీసి, బొటనవేలితో నిమిరింది. ఇంకోటి తీసింది. అదీ నిమిరింది.

“ఎర్రవన్నీ గరుకుగా ఉన్నాయేమండీ? ఒక్కటి కూడా తప్పకుండా?”

“అదీ... ఫినిషింగ్ అంతగా కుదరలేదు మేడమ్. పెయింటు నాసిరకం.”

నాసిరకం. ఆ మాటతో బొమ్మలక్కకు లోపలేదో ఫట్టుమంది.

“ఇసుకండీ అది.” అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. “పెయింటు మా ఆయనది, నిక్షేపంలా ఉంది. దాని కింద ఇసుక నేను చల్లాను. మా పెద్దసార్‌కు కళ్ళు కనబడేవి కావు. ఏది ఎరుపో ఏది నీలమో ఆయన వేళ్ళకు తెలియాలని. తొమ్మిదింటికీ నేనే చల్లాను. తొమ్మిదీ నేనే చేశాను.”

చిన్నసార్ ఆమె పక్కకొచ్చి, పళ్ళు కదలకుండా, “ఒకసారి బయటికి రా. మాట్లాడాలి,” అన్నాడు.

“చేతులు ఖాళీ లేవు సార్. కదలొద్దని మీరేగా అన్నారు.”

పెద్దావిడ కళ్ళు మూసుకుని, ఆమె వేళ్ళ సందున తన వేలు పెట్టి అతుకుకు అటూ ఇటూ తడిమింది. గరుకు, గరుకు. కళ్ళు తెరిచింది.

“ఇలా ఎందుకు పెట్టారమ్మా?” అంది. పెట్టారు, అంది.

బొమ్మలక్క ఆవిడ వైపు చూడలేదు. చిన్నసార్ వైపు అంతకన్నా చూడలేదు. గుమ్మం దగ్గరున్న రెండు జడల పిల్ల వైపు చూసింది.

“అమ్మాయ్, పుస్తకం తియ్యి. ఇందాక నా ముందు రాసుకున్నావే, అది కొట్టెయ్యి. తప్పది. సార్‌కు తెలియక చెప్పారు. నేను తెలిసి, ఒళ్ళు మండి, నీ చేత రాయించాను. ముందు కొట్టెయ్యి, తర్వాత ఆ సింకు దగ్గరికి రా, ఎందుకో చూపిస్తా. ఎరుపుకు ఎరుపు.”

పిల్ల సార్ వంక చూసింది. పెద్దావిడ వంక చూసింది. తర్వాత పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, స్కేలు లేకుండానే అడ్డంగా గీత గీసింది. పెన్ను బరబరమన్న చప్పుడు అందరికీ వినబడింది. జిగురు ఆరడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.